ఎంపీసీకీ బైపీసీకీ మధ్యన ఉన్న చదువు

భీమవరంలో రొయ్యల ల్యాబులకు పొద్దుటి పూటే సీడ్ శాంపిళ్లు వస్తాయి. నీళ్లు పోసి, ఆక్సిజన్ నింపి, రబ్బరు బ్యాండు బిగించిన ప్లాస్టిక్ కవర్లో కనురెప్ప వెంట్రుకలంత సన్నటి పిల్లలు తిరుగుతుంటాయి. ల్యాబులో వాటిలోంచి కొన్నింటిని లెక్కపెట్టి తీసి, నూరి, డీఎన్‌ఏ విడదీసి పీసీఆర్ యంత్రంలో పెడతారు. చేతికొచ్చిన కాగితంలో రైతు వెతికేది ఒక్కటే మాట: వైట్ స్పాట్ నెగెటివ్, అంటే రొయ్యలను చంపే ఆ వైరస్ జబ్బు లేదని. ఆ మాట మీద భరోసాతో లక్షల పిల్లలను చెరువులో వదులుతారు. లీజు, మేత, కరెంటు, డీజిల్ ఖర్చులన్నీ ఆ తర్వాత ఆ భరోసా మీదే నడుస్తాయి.

ఆ మాటకు ఎంత బలముందో ఒక చిన్న లెక్క చెబుతుంది. లాటులో నూటికి రెండు పిల్లలకు వైరస్ ఉందనుకుందాం. ఒక పిల్లను తీస్తే అది మంచిదయ్యే అవకాశం 0.98. ముప్పై పిల్లలను తీస్తే ముప్పైకి ముప్పై మంచివే అయ్యే అవకాశం, 0.98ని ముప్పైసార్లు హెచ్చవేసినంత. అది దాదాపు 0.55. అంటే జబ్బున్న లాటు నుంచి ముప్పై పిల్లలే తీసి పరీక్షిస్తే, సగానికి పైగా సార్లు రిపోర్టు నెగెటివ్ అనే వస్తుంది. యంత్రం బాగానే పనిచేసినా సరే. అదే 150 పిల్లలను తీస్తే జబ్బు కంటపడకుండా జారిపోయే అవకాశం 0.05కు పడుతుంది. రొయ్య పిల్లల పరీక్షలో 150 అనే అంకె పదేపదే వినిపించడానికి కారణం ఇదే. జబ్బు నూటికి ఒకటే ఉందనుకోండి, 150 తీసినా 0.22 దగ్గర ఆగుతుంది. ఐదింట ఒకసారికి పైగా తప్పించుకున్నట్టే.

ఈ లెక్కలో గణితం ఇంటర్ స్థాయిదే. కానీ దాన్ని ఎక్కడ నమ్మకూడదో చెప్పడానికి రొయ్య తెలియాలి. పిల్లలన్నీ ట్యాంకులో సమానంగా కలిసి ఉన్నాయని ఈ లెక్క అనుకుంటోంది. నీరసించిన పిల్లలు అడుగున చేరితే, శాంపిల్ తీసిన వల పైపైన తిరిగి వస్తే, 150 తీసినా 30 తీసిన పాటి కూడా కాకపోవచ్చు. అవకాశాల గుణకారం ఎంపీసీ క్లాసులో నేర్పుతారు. రొయ్య పిల్ల ఎప్పుడు ఈదుతుంది, ఎప్పుడు అడుగున పడుతుంది అనేది జువాలజీ. ఈ రెండూ ఒకే తలలో ఉండాల్సిన అవసరం నుంచే బయోమ్యాథమెటిక్స్, బయోఇన్ఫర్మాటిక్స్ అనే చదువులు పుట్టాయి.

అదే ల్యాబులో రియల్ టైమ్ పీసీఆర్ ఉంటే కాగితంలో 'సీటీ' అనే అంకె కూడా కనిపిస్తుంది. పీసీఆర్ ఒక్కో రౌండుకు వెతుకుతున్న డీఎన్‌ఏ ముక్కను రెట్టింపు చేస్తుంది. ఎన్నో రౌండులో అది యంత్రం కంటికి ఆనిందో చెప్పేది సీటీ. ఒక చెరువు రొయ్యకు 20, పక్క చెరువు రొయ్యకు 30 వస్తే, చూడటానికి తేడా పదే. నిజానికి 2ను పదిసార్లు హెచ్చవేసినంత, అంటే మొదటి దానిలో వైరస్ సుమారు 1024 రెట్లు ఎక్కువ. ఇంకా లోతుకు వెళితే, రౌండుకు సరిగ్గా రెండు రెట్లు కాకుండా 1.9 రెట్లే పెరుగుతోందనుకుంటే 1024 కాస్తా 613 అవుతుంది. లాగరిథమ్ అనగానే పుస్తకం మూసేసిన బైపీసీ విద్యార్థికి ఈ అంకె అంతుపట్టదు. లాగరిథమ్ కొట్టినపిండి అయిన ఎంపీసీ విద్యార్థికి ప్రైమర్ అంటే ఏమిటో తెలియదు. ఆ ప్రైమర్, అంటే వైరస్ డీఎన్‌ఏకు వెళ్లి అతుక్కునే ఇరవై అక్షరాల చిన్న ముక్క, ఊరికే దొరికింది కాదు. వైట్ స్పాట్ వైరస్ జన్యు పటం, దాదాపు మూడు లక్షల అక్షరాలు, 2001లో బయటికొచ్చింది. ఆ మూడు లక్షల్లో ఏ ఇరవై అక్షరాలు ఈ వైరస్‌లో మాత్రమే ఉండి రొయ్య సొంత డీఎన్‌ఏలో లేవో కంప్యూటరుతో గాలించి చూడటం బయోఇన్ఫర్మాటిక్స్ విద్యార్థి మొదటి ఏడాదిలో చేసే పనుల్లో ఒకటి.

రెండు పేర్లు, రెండు చూపులు

ఈ రెండు పేర్లనూ కలిపి వాడేస్తుంటారు గానీ వీటి చూపు వేరు. జీవగణితం, అంటే బయోమ్యాథమెటిక్స్, కాలంతో మారేదాన్ని పట్టుకుంటుంది: జబ్బు ఎలా పాకుతుంది, చేప ఎలా పెరుగుతుంది, దోమలు ఎప్పుడు హెచ్చుతాయి. మార్పును సమీకరణంగా రాసి, ముందు ఏం జరగబోతుందో, ఏది మారిస్తే కథ మారుతుందో అడుగుతుంది. బయోఇన్ఫర్మాటిక్స్ రాసిపెట్టి ఉన్నదాన్ని చదువుతుంది: డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ల అక్షరాల వరుసలు. ఒకదానికి కలనగణితం వెన్నెముక, రెండోదానికి సంభావ్యత, గణాంకశాస్త్రం, అల్గారిథమ్‌లు.

జీవగణితానికి పునాది రాళ్లు కొన్ని మన నేల మీదే పడ్డాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత ఆయన చేసిన పని గురించి మన పాఠాల్లో అంతగా చెప్పరు. మలేరియా పోవాలంటే దోమలన్నీ పోనక్కర్లేదు, ఒక హద్దు కంటే తగ్గితే చాలు, జబ్బు తనంతట తానే సన్నగిల్లుతుందని 1911 నాటికి ఆయన సమీకరణాలతో చూపించాడు. డాక్టర్ రాసిన గణితం అది. ఇండియాలో సైనిక వైద్యుడిగా పనిచేసిన మెకెండ్రిక్, కెర్మాక్‌తో కలిసి 1927లో అంటువ్యాధుల సిద్ధాంతం ప్రచురించినప్పుడు, దాన్ని సరిచూసుకోవడానికి తీసుకున్నవి 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాల అంకెలు. కోవిడ్ రోజుల్లో టీవీల్లో 'కర్వ్' అంటూ చూపించినవాటికి మూలం ఆ పేపరే.

ఈ గణితాన్ని గోదావరి జిల్లాల బోదకాలుకు అన్వయిస్తే దాని పదును తెలుస్తుంది. మురుగు డ్రెయిన్లలో పెరిగే క్యూలెక్స్ దోమ రోగిని కుట్టి సూక్ష్మక్రిములను ఎక్కించుకున్నాక, అవి ఇంకొకరికి అంటుకునే దశకు రావడానికి సుమారు పది పన్నెండు రోజులు పడుతుంది. అన్ని రోజులు దోమ బతికి ఉండాలి. రోజుకు నూటికి 90 దోమలు బతికే చోట పది రోజులకు మిగిలేవి నూటికి 35. రోజుకు 80 బతికితే పది రోజులకు మిగిలేవి 11 మాత్రమే. రోజువారీ బతుకులో తేడా నూటికి పదే, ప్రమాదంలో తేడా మూడు రెట్లకు పైనే. జార్జ్ మెక్‌డొనాల్డ్ 1950లలో మలేరియా విషయంలో ఈ మాట గట్టిగా చెప్పాడు: దోమ పిల్లలను చంపడం కన్నా, ఎదిగిన దోమ ఆయుష్షును కాస్త తగ్గించడం చాలా ఎక్కువ పనిచేస్తుంది. కాటు సంగతీ అంతే. దోమ ఒకసారి కుట్టి జబ్బును ఎక్కించుకోవాలి, ఇంకోసారి కుట్టి దించాలి. అందుకే కాటు లెక్కలో రెండుసార్లు వస్తుంది. దోమతెరతో కాట్లు సగమైతే వ్యాప్తి సగం కాదు, పావుకు పడుతుంది.

ఇంతవరకూ బాగుంది. కానీ మలేరియా సమీకరణాన్ని తెచ్చి బోదకాలుకు అచ్చంగా అతికిస్తే తప్పవుతుంది. మలేరియా క్రిమి దోమలో వేలల్లో పెరుగుతుంది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దోమలో ఎదుగుతుందే తప్ప సంఖ్యలో పెరగదు. ఎక్కినన్నే దిగుతాయి, ఇంకా తక్కువే. పైగా ఆడ, మగ పురుగులు రెండూ ఒకే మనిషిలో చేరితేనే సంతానం. అందుకే ఒకటి రెండు కాట్లతో ఈ జబ్బు రాదు, నెలల తరబడి కుట్టించుకోవాలి. ఏటా ఇంటింటికీ పంచే మాత్రలు ఊరంతా ఒకేసారి మింగాలని ఆరోగ్య సిబ్బంది పట్టుబట్టడం వెనుక ఉన్నది ఇదే: రక్తంలో క్రిములు పలచబడితే ఆడ, మగ కలిసే అవకాశం పడిపోతుంది. సమీకరణంలో ఒక గుర్తు మార్చాలంటే పురుగు జీవితం తెలియాలి. జీవగణితంలో అసలు కష్టమంతా ఇలాంటి చోట ఉంటుంది, లెక్క చేయడంలో కాదు.

ఆ మాత్రల్లో ఉండే డీఈసీ మందు లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో బయటికొచ్చింది. ఆయన పుట్టింది భీమవరంలో, 1895లో. ఆయన సంగతి మళ్లీ వస్తుంది.

పాలకొల్లు, పాలకోడేరు

బయోఇన్ఫర్మాటిక్స్‌లో మొదటి పాఠం రెండు వరుసలను పక్కపక్కన పేర్చడం. దీన్ని అలైన్‌మెంట్ అంటారు. డీఎన్‌ఏతో మొదలుపెట్టేకన్నా ఊరి పేర్లతో చూస్తే తేలిగ్గా తలకెక్కుతుంది. పాలకొల్లు, పాలకోడేరు. ఒకటి నాలుగు అక్షరాలు, ఇంకొకటి ఐదు. పా కింద పా, ల కింద ల, కొ కింద కో. ఇక మిగిలింది ఒకవైపు 'ల్లు', రెండోవైపు 'డే', 'రు'. ఒక ఖాళీ వదలక తప్పదు. ఎక్కడ వదలాలి?

దీనికి మార్కులు వేయాలి. అచ్చంగా కలిస్తే 2, దగ్గరగా ఉంటే 1, కలవకపోతే మైనస్ 1, ఖాళీకి మైనస్ 2. 'డే' ఎదురుగా ఖాళీ వదిలి 'ల్లు'ను 'రు' ఎదురుగా పెట్టామనుకోండి. రెండింటి చివరా ఉకారమే కాబట్టి దగ్గరివే అనుకుని 1 వేస్తే, మొత్తం 2, 2, 1, మైనస్ 2, 1, వెరసి 4. అలా కాక 'ల్లు'ను 'డే' ఎదురుగా పెట్టి 'రు'కు ఖాళీ వదిలితే 2, 2, 1, మైనస్ 1, మైనస్ 2, వెరసి 2. కాబట్టి మొదటి అమరికే మేలు. ఇక్కడ గమనించాల్సింది, 'ల్లు', 'రు' దగ్గరివని ఎవరు చెప్పారు? తెలుగు చెవి చెప్పింది. ప్రొటీన్లలో ఆ చెవి పాత్రను పరిణామం పోషిస్తుంది. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో ఐసోల్యూసిన్ వస్తే ప్రొటీన్ పెద్దగా పట్టించుకోదు. గ్లైసిన్ స్థానంలో ట్రిప్టోఫాన్ వస్తే చాలాసార్లు ఆకారమే చెడుతుంది. ఏది ఏ స్థానంలోకి ఎంత తరచుగా వచ్చిందో నిజమైన ప్రొటీన్లలో లెక్కపెట్టి మార్గరెట్ డేహాఫ్ 1978లో మార్కుల పట్టిక ఇచ్చింది. 1965లోనే ప్రొటీన్ వరుసలను పుస్తకంగా కూర్చిన మనిషి ఆమె.

నాలుగైదు అక్షరాలకైతే చేత్తో చేయొచ్చు. వంద అక్షరాల రెండు వరుసలకు సాధ్యమైన అమరికలను ఒక్కొక్కటీ చూడటం ఏ కంప్యూటరుకూ అయ్యే పని కాదు. నీడిల్‌మన్, వున్ష్ 1970లో చూపించిన కిటుకు ఏమిటంటే, వంద అడ్డగళ్లు, వంద నిలువుగళ్లు ఉన్న పట్టిక గీసి, ప్రతి గడిలో 'ఇక్కడిదాకా వచ్చిన అత్యుత్తమ మార్కు' రాసుకుంటూ పోవడం. పది వేల గళ్లతో పని ముగుస్తుంది, పైగా వచ్చిన జవాబు కచ్చితంగా అన్నింటికన్నా మంచిదే. ఈ పట్టికను ఒక్కసారైనా కాగితం మీద, పెన్సిలుతో, ఎనిమిది పది అక్షరాలకు నింపిన విద్యార్థికి 1990లో వచ్చిన బ్లాస్ట్ అనే వెతుకుడు ప్రోగ్రాం అంత వేగంగా ఎలా వెతుకుతుందో, ఆ వేగం కోసం దేన్ని వదులుకుందో అర్థమవుతుంది. వెబ్‌సైట్‌లో వరుసను అతికించి బటన్ నొక్కడంతో మొదలుపెట్టిన విద్యార్థికి ఆ అవకాశం చాలావరకు పోతుంది. డిగ్రీ పేరులో బయోఇన్ఫర్మాటిక్స్ అని ఉండి పాఠాల్లో బటన్లు నొక్కడమే ఉంటే, అది మూడేళ్లు పోగొట్టుకోవడమే.

అక్షరాల్లోంచి పొలానికి దారి ఎలా పడుతుందో చూడాలంటే మార్టేరు వెళ్లాలి. అక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029, మన స్వర్ణ, వశిష్ఠ, మసూరి రకాల సంకరం. సార్వాలో డెల్టా రైతు దశాబ్దాల పాటు దీన్ని నమ్ముకున్నాడు. దానికి చిక్కల్లా మునక. ఆగస్టు వరదల్లో డ్రెయిన్లు ఎదురుతన్ని వారం పది రోజులు చేను నీట మునిగితే, మొక్క ఊపిరి కోసం సాగి సాగి, ఉన్న పిండి పదార్థమంతా ఖర్చుపెట్టుకుని, నీళ్లు తీసేసరికి కుళ్లిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత రకం దీనికి భిన్నం. నీట మునగగానే ఎదుగుదల ఆపేసి, ఉన్నది దాచుకుని, రెండు వారాల దాకా ఓపిక పడుతుంది. ఈ గుణం వెనుక ఉన్న సబ్-1ఏ జన్యువును తొమ్మిదో క్రోమోజోము మీద గుర్తించిన సంగతి 2006లో ప్రచురితమైంది.

ఆ జన్యువును స్వర్ణలోకి తేవాలి, స్వర్ణ గింజ మాత్రం మారకూడదు. రెండింటినీ సంకరం చేస్తే పిల్లలో సగం ఎఫ్‌ఆర్ 13ఏ. దాన్ని మళ్లీ స్వర్ణతో కలిపితే సగటున పావు, మళ్లీ కలిపితే 12.5 శాతం, మళ్లీ కలిపితే 6.25. సగటు అన్న మాటలోనే కీలకం ఉంది. కొన్ని మొక్కల్లో అదృష్టవశాత్తూ పాత రకం వాటా సగటు కన్నా చాలా తక్కువ ఉంటుంది. పన్నెండు క్రోమోజోముల పొడవునా డీఎన్‌ఏ గుర్తులను చూసి ఆ మొక్కలనే ఏరుకుంటే, ఏళ్ల తరబడి పట్టే పని రెండు మూడు తరాల్లో తేలుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో అలా తయారైన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. పొలంలో చూస్తే స్వర్ణే. మునిగినప్పుడే తేడా తెలుస్తుంది.

ఇదే వరిలో గణాంకశాస్త్రం ఎందుకంత ముఖ్యమో కూడా కనిపిస్తుంది. వరి జన్యుపటం దాదాపు 39 కోట్ల అక్షరాలు. అది 2005లో పూర్తయింది, పదకొండో క్రోమోజోము పనిలో మన శాస్త్రవేత్తలూ పాలుపంచుకున్నారు. అందులో జన్యువులు దాదాపు 38 వేలు. మునిగిన మొక్కలో, మునగని మొక్కలో ఏ జన్యువు పని మారిందో ఒక్కోదానికీ పరీక్ష పెట్టి, మామూలుగా వాడే 5 శాతం హద్దు పెట్టుకుంటే, అసలు ఏ తేడా లేకపోయినా 1900 జన్యువులు 'తేడా ఉంది' అంటూ చేతులెత్తుతాయి. ఆ 1900లోంచి ఆకర్షణీయమైన పేరున్న ఒకటి పట్టుకుని థీసిస్ రాయడం ఎంత సులభమో, అది ఎంత ఉత్తిదో ఊహించుకోవచ్చు. ఇన్ని పరీక్షలు ఒకేసారి చేసినప్పుడు హద్దును ఎలా బిగించాలో బెంజమిని, హాక్‌బర్గ్ 1995లో చెప్పిన పద్ధతి ఈ రంగంలో నిత్యావసరం. బయోఇన్ఫర్మాటిక్స్ చదవబోయే విద్యార్థి ప్రోగ్రామింగ్ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా గణాంకాల మీద పెడితే మంచిది. కోడ్ తప్పయితే కంప్యూటరు చాలాసార్లు అరుస్తుంది. గణాంకం తప్పయితే ఏ చప్పుడూ ఉండదు, తప్పుడు ఫలితం అందమైన గ్రాఫుగా వస్తుంది.

పదిహేనేళ్లకే పడే గోడ

మన దగ్గర ఈ చదువుకు అతి పెద్ద అడ్డంకి పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే పడుతుంది. ఎంపీసీయా, బైపీసీయా. లెక్కలొస్తే ఇంజినీరింగ్, లెక్కలంటే భయముంటే డాక్టర్. అమలాపురంలోనైనా, తణుకులోనైనా, కాకినాడలోనైనా ఇంట్లో జరిగే చర్చ ఇదే. బైపీసీలో చేరిన పిల్ల ఆ రోజు నుంచి లెక్కల పుస్తకం ముట్టదు. ఎంపీసీలో చేరిన పిల్లాడు కణం అనే మాట మళ్లీ వినడు. రెండేళ్ల తర్వాత నీట్‌లో సీటు రాని బైపీసీ విద్యార్థులు బీఎస్సీకో, ఫార్మసీకో, బీటెక్ బయోటెక్నాలజీకో వస్తారు. బీటెక్‌లో వాళ్లకు గణితం బ్రిడ్జి కోర్సు ఉంటుంది. రెండేళ్ల ఇంటర్ గణితాన్ని కొన్ని వారాల్లో పోస్తే ఎంత నిలుస్తుంది? అవకలనం, మాత్రిక అన్న మాటలు వినగానే టెన్షన్ పట్టుకుంటుంది. 'నాకు లెక్కలు రావు' అనే నమ్మకం, నిజానికి నేర్పకపోవడం వల్ల వచ్చిన లోటు, స్వభావంగా మారిపోతుంది.

అటు నుంచి వచ్చేవారి కష్టం వేరే రకం. గణితంలో ఒక నియమం రుజువైతే ఎప్పటికీ నిజమే. జీవశాస్త్రంలో ప్రతి నియమానికీ మినహాయింపులుంటాయి, ఆ మినహాయింపుల్లోనే తరచుగా అసలు విషయం ఉంటుంది. ఎంపీసీ విద్యార్థికి ఇది మొదట్లో చిరాకు తెప్పిస్తుంది. అందమైన నమూనా కట్టి, డేటా దానికి లొంగకపోతే డేటానే తప్పంటాడు. ఈ అలవాటు పోవడానికి ఒక సెమిస్టరు ల్యాబులో చేతులు తడుపుకోవడం తప్ప మందు లేదు.

ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదువుకునే వీలు ఇచ్చింది. ఎంబైపీసీ అంటున్నారు. ఇది చిన్న మార్పు కాదు. ఇంజినీరింగ్, మెడిసిన్ రెండు పరీక్షలూ రాయొచ్చన్న ఆశతోనే చాలామంది చేరతారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ కాంబినేషన్ అన్నింటికన్నా బాగా అక్కరకొచ్చేది ఇక్కడ చెప్పుకుంటున్న చదువుకే. తిరుపతితో సహా ఐసర్‌లలో, అంటే కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థల్లో, ప్రవేశానికి పెట్టే పరీక్షలో జీవశాస్త్రం, రసాయనం, గణితం, భౌతికం నాలుగింటి నుంచీ సమానంగా పదిహేనేసి ప్రశ్నలుంటాయి. లోపలికి వెళ్లాక మొదటి ఏళ్లలో నాలుగూ చదవాలి. గోడ లేని చోట చదువు ఎలా ఉంటుందో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఇంటర్ అయిపోయినవారికీ దారులున్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ప్రకృతి శాస్త్రాలను కంప్యూటింగ్‌తో కలిపిన డ్యూయల్ డిగ్రీ ఉంది. బీఎస్సీ చేసినవారికి పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో బయోఇన్ఫర్మాటిక్స్ ఎమ్మెస్సీ ఉంది. పీహెచ్‌డీ దాకా వెళ్లేవారికి చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్‌లో కంప్యుటేషనల్ బయాలజీ, బెంగళూరులో ఐఐఎస్సీ, హైదరాబాద్‌లో సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. డెల్టాలోనే డిగ్రీ చదువుతున్నవారికి 2023-24లో వచ్చిన మేజర్, మైనర్ విధానం ఉపయోగపడొచ్చు. జువాలజీయో, ఆక్వాకల్చరో మేజర్‌గా తీసుకున్నవారు స్టాటిస్టిక్స్ మైనర్‌గా దొరికే కాలేజీ చూసుకోవాలి. ఏ కాలేజీలో ఏ జత దొరుకుతుందో చేరకముందే అడిగి తెలుసుకోవాలి. సిలబస్ చేతికి తీసుకుని మూడు విషయాలు వెతకాలి: సంభావ్యత, గణాంకాలు కనీసం రెండు పేపర్లు ఉన్నాయా, పైథాన్ లేదా ఆర్ భాషలో సొంతంగా ప్రోగ్రాం రాయిస్తున్నారా, చివరి ఏడాదిలో నిజమైన డేటాతో ప్రాజెక్టు ఉందా. ఈ మూడూ లేకపోతే కోర్సు పేరు ఎంత కొత్తగా ఉన్నా లాభం లేదు. ఇవి ఉండి కోర్సు పేరు మామూలు బీఎస్సీ స్టాటిస్టిక్స్ అయినా నష్టం లేదు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఒక్క బీఎస్సీతో ఈ రంగంలో నిలదొక్కుకోవడం కష్టం. ఎమ్మెస్సీ దాకా వెళ్లాలి, పరిశోధన వైపైతే పీహెచ్‌డీ. డెల్టాలో చదువుకు తగ్గ ఉద్యోగాలు తక్కువ. ఆక్వా ల్యాబుల్లో పీసీఆర్ పని దొరుకుతుంది కానీ అక్కడ విశ్లేషణకు చోటు తక్కువ. మిగతా అవకాశాలకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లాల్సిందే: జన్యు పరీక్షల కంపెనీలు, మందుల కంపెనీల్లో క్లినికల్ ట్రయల్ డేటా విశ్లేషణ, విత్తన కంపెనీలు. వీటిలో క్లినికల్ డేటా వైపు గణాంకాలు గట్టిగా వచ్చినవారికి గిరాకీ నిలకడగా ఉంది. బీటెక్ సీఎస్ఈతో పోల్చి మొదటి జీతం గురించి ఇంట్లో అడిగితే జవాబు నిరాశగానే ఉంటుంది. ఆ ప్రశ్న అడిగే హక్కు అప్పు చేసి చదివించే తల్లిదండ్రులకు ఉంది, దాన్ని తప్పించుకోకూడదు.

అయితే ఈ చదువుకు మరే సైన్సుకూ లేని ఒక వెసులుబాటు ఉంది. ముడిసరుకు ఉచితం. ప్రపంచంలో వరుస తేల్చి ప్రకటించిన డీఎన్‌ఏ చాలావరకు 1982లో మొదలైన జెన్‌బ్యాంకులో, ప్రొటీన్ల ఆకారాలు 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకులో ఎవరైనా తీసుకోవచ్చు. లక్షల రూపాయల యంత్రాలు లేని చిన్న ఊరి కాలేజీ విద్యార్థికి కూడా ఒక మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే ఐఐఎస్సీలో వాడే డేటానే దొరుకుతుంది. రొయ్య, వరి, వైట్ స్పాట్ వైరస్, బోదకాలు పురుగు, అన్నీ అక్కడున్నాయి.

సుబ్బారావు దగ్గరికి మళ్లీ వస్తే, ఆయనకు పేరు తెచ్చిన మొదటి పనే జీవశాస్త్రంలోకి అంకె తేవడం. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించాడు. దశాబ్దాల పాటు బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో అది నడిచింది. తర్వాతి కాలంలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ మీద చేసిన పని నుంచే మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు వచ్చింది. ఆ మందు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ప్రొటీన్ గుంటలో ఇరుక్కుని దాని పనిని ఆపేస్తుంది. ప్రొటీన్ డేటా బ్యాంకులో '4డీఎఫ్ఆర్' అనే ఎంట్రీ తెరిస్తే, బ్యాక్టీరియా ప్రొటీన్‌లో ఆ మందు ఇరుక్కుని ఉన్న తీరు అణువు అణువునా కనిపిస్తుంది. మందుకు నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఏ అమైనో ఆమ్లాలున్నాయో తేల్చే ప్రోగ్రాం రాయడం రెండో ఏడాది విద్యార్థికి ఒక సాయంత్రం పని. మూడు కోఆర్డినేట్లు, రెండు బిందువుల మధ్య దూరం, ఇంటర్ ఎంపీసీ సూత్రం అంతే. అది రాశాక అదే ప్రొటీన్ మనుషుల్లో, దోమలో, మలేరియా క్రిమిలో ఎలా ఉందో పక్కపక్కన పేర్చి చూస్తే, ఏ అక్షరం మారితే మందు పట్టు తప్పుతుందో అడగొచ్చు. ప్రొటీన్ ఆకారాలను ఊహించే ఆల్ఫాఫోల్డ్ వచ్చాక (దాన్ని తయారుచేసినవారికి 2024లో నోబెల్ వచ్చింది), తెలియని ఆకారాలు కూడా చాలావరకు నిమిషాల్లో వస్తున్నాయి. ఏ ప్రొటీన్ గురించి, ఎందుకు అడగాలి అన్నది మాత్రం ఇంకా మనిషే తేల్చుకోవాలి.

డెల్టా విద్యార్థికి అలాంటి ప్రశ్నలు ఇంటి పక్కనే ఉంటాయి. చాలామంది రైతుల దగ్గర రొయ్యల చెరువుకు ఒక రికార్డు పుస్తకం ఉంటుంది. రోజు, పొద్దుటి మేత, సాయంత్రం మేత, చెక్ ట్రేలో మిగిలింది, నీటి ఉప్పదనం, పీహెచ్, తెల్లవారుజామున ఆక్సిజన్, చనిపోయినవి. వేసవి సెలవుల్లో అలాంటి నాలుగు పుస్తకాలు అడిగి తీసుకుని, ఫోనులో ఫోటోలు తీసి, ఒక్కో అంకె ఎక్సెల్‌లోకి ఎక్కిస్తే అదే మంచి ప్రాజెక్టు. పెరుగుదల గీత గీయొచ్చు, మేతకూ కౌంటుకూ (కిలోకు తూగే రొయ్యల సంఖ్యకు) సంబంధం చూడొచ్చు, ఆక్సిజన్ పడిపోయిన ఎన్ని రోజులకు చావులు పెరిగాయో లెక్కకట్టొచ్చు.

ఎక్కిస్తున్నప్పుడు కొన్ని గళ్లు ఖాళీగా కనిపిస్తాయి. 41వ రోజు ఆక్సిజన్ లేదు, 42 లేదు, 43న మళ్లీ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఖాళీలను సగటుతో నింపే బటన్ ఉంటుంది, ఒక్క క్లిక్‌తో వరుస నిండుతుంది. గణాంకాలు సరిగ్గా చదివిన విద్యార్థి అక్కడ ఆగుతాడు. రైతు మీటరు ఎందుకు ముంచలేదు? మరిచిపోయాడా? ఊరికెళ్లాడా? లేక ఆ రాత్రి కరెంటు పోయి, జనరేటరు స్టార్ట్ కాక, గట్టు మీద పరుగులు పెడుతూ పుస్తకం తెరిచే తీరికే లేకపోయిందా? మరుపు వల్ల పోయిన అంకెకు సగటు వేస్తే పెద్దగా నష్టం లేదు. మూడోదే నిజమైతే, చెరువులో ఆక్సిజన్ అన్నింటికన్నా తక్కువున్న రాత్రి దగ్గరే సగటు అంకె కూర్చుంటుంది, చావులకు కారణం లెక్కలోంచి మాయమైపోతుంది. ఆ రెండు గళ్లు నింపేముందు రైతుకు ఫోన్ చేసి, ఆ రాత్రి ఏం జరిగిందని అడగాలి.